పట్టికలో లేచిన మనిషి

నేను ముప్పై మూడేళ్ళు ఆడపిల్లల బడిలో డ్రిల్లు టీచరుగా పనిచేశాను. కడుపునొప్పి అని మెలికలు తిరిగే పిల్లని కూడా వరసలో నిలబెట్టి చేతులు పైకెత్తించిన రకాన్ని. అలాంటి నేను డెబ్భై ఎనిమిదో ఏట తుంటి ఎముక విరగ్గొట్టుకుని, ఆపరేషనయి ఇంటికొచ్చాక, నాలుగు నెలలపాటు చెయ్యని కసరత్తుని చేసినట్టు రాయించి కింద సంతకం పెట్టాను. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. అయినా చెప్పేది నేనే కాబట్టి ఎక్కడ ఎంత సిగ్గుపడాలో కూడా నేనే చూసుకుంటాను.

ఎముక విరగడం వెనక పెద్ద కథేం లేదు. స్నానాలగదిలో సబ్బు మీద కాలేశాను. ఆస్పత్రిలో లోపల ఏదో కడ్డీ బిగించి, మూడు వారాలు ఉంచుకుని, చేతికో వాకర్ ఇచ్చి పంపేశారు. ఇంట్లో నేనూ, నా చెల్లెలూ. ఆమె భర్త పోయాడు, నేనసలు పెళ్ళే చేసుకోలేదు. రెండో అంతస్తు, రెండు గదులు, మధ్యలో సన్నటి నడవా, దాని చివర వంటగది. చెల్లెలు నాకంటే ఏడేళ్ళు చిన్నది. పొద్దున్నే ఏడున్నరకి గ్రంథాలయానికి పోయి, జనం తిరిగిచ్చిన పుస్తకాలు బీరువాల్లో సర్ది, ఒంటిగంటకి ఇల్లు చేరుతుంది. అందుకని పొద్దుట నన్ను చూసుకోవడానికి ఇంటి సాయం ఆఫీసు ఒక మనిషిని పంపింది. ఎనిమిది నుంచి ముప్పావుగంట. ఆదివారం సెలవు.

మారుపేర్లు పెట్టడం నాకు బడిలో పట్టుకున్న జబ్బు. వచ్చినామెకి రెండో రోజే ‘తొందర’ అని పెట్టేశాను. నలభై ఆరేళ్ళ మనిషి. రోజుకి ఏడిళ్ళు తిరుగుతుంది. సంచి మేకుకి తగిలించేటప్పటికే రెండో చేత్తో పంపు తిప్పుతూ ఉంటుంది. నాకు స్నానం చేయించి, బట్టలు వేసి, పక్క సర్ది, మాత్రలు మింగించి, పొద్దుటి తిండి బల్ల మీద పెట్టేసరికి అరగంట తిరక్కుండా అయిపోయేది. ఆ పేరు పెట్టానని చెప్తే నవ్వింది. వాళ్ళింట్లో తనని అందరూ ‘మొద్దు’ అంటారట.

కసరత్తు సంగతి ఫిజియో పిల్ల తెచ్చిపెట్టింది. నెలకోసారి వచ్చేది. ఏం చెప్పినా చివర ‘పదిసార్లు’ అనేది కాబట్టి ఆమె పేరు అదే అయింది. ఎముక సంగతి ఆ కడ్డీ చూసుకుంటుందనీ, ఇక పని చెయ్యాల్సింది కండేననీ, కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే ఉంటే ఇంకో ఏడాదికి మంచం మీంచి కూడా లేవలేననీ మొహం మీదే చెప్పింది. నాకు నచ్చింది. పిల్లలకి నేనూ అలాగే చెప్పేదాన్ని. గళ్ళు గీసిన పట్టిక ఒకటి ఇచ్చింది. కుర్చీలోంచి లేవడం, వంటగది గట్టు పట్టుకుని మడమలెత్తడం, ఉన్నచోటే కాళ్ళు మార్చి మార్చి ఎత్తడం, నడవాలో నడక. రోజూ ఎన్నేసి చేశానో తొందర రాసి సంతకం పెట్టాలి, దాని పక్కన నేను పెట్టాలి. అది కూడా ఆ ముప్పావుగంటలోనే.

మొదటి రోజు కుర్చీ చేతులు రెండూ పట్టుకుని లేవబోతే చుక్కలు కనిపించాయి. నిజం చెప్పాలంటే నొప్పి ఒక వంతు, భయం మూడు వంతులు. పిరుదులు కుర్చీని వదిలిన మరుక్షణం ఆ సబ్బే నా కాలికింద ఉన్నట్టనిపించింది. కూలబడి, “ఇవాళ్టికి రాసెయ్యి, రేపు చేద్దాం” అన్నాను. ఎగ్గొట్టే పిల్లలు ఎన్ని వందలమంది నాతో ఆ మాట అన్నారో లెక్కలేదు. తొందర నా వంకా, గడియారం వంకా చూసి, చివరికి రాసింది. అప్పుడు మాకు పదకొండు నిమిషాలు మిగిలాయి.

ఏం చేస్తాం పదకొండు నిమిషాలతో? కూర్చోమన్నాను. వద్దంది. టీచరు గొంతుతో కూర్చోమన్నాను. కూర్చుంది. ఇంకో కప్పులో కాఫీ పోసుకోమన్నాను, పోసుకుంది. అప్పుడు ఆమె పాదాలు చూశాను. చీలమండలు వాచి బూరెల్లా ఉన్నాయి. పొద్దున ఐదింటినించి కూర్చోలేదట. మళ్ళీ సాయంత్రం ఇంటికెళ్ళేదాకా కూర్చునే చోటు లేదట, మిగతా ఇళ్ళవాళ్ళు కూర్చోనివ్వరని కాదు, టైముండదని. రేపు నేను నిజంగా కసరత్తు మొదలెడితే ఈ మనిషి ఈ కుర్చీ కూడా పోగొట్టుకుంటుందన్న ఆలోచన నాకు ఎంత సుఖాన్నిచ్చిందో చెప్పలేను. నా పిరికితనానికి ఒక మంచి పేరు దొరికింది.

రేపు అలా నాలుగు నెలలు పట్టింది.

ఇంతవరకు ఎవరైనా చేసే పనే. ఆ తర్వాత చేసింది మాత్రం డ్రిల్లు టీచరు తప్ప ఎవరూ చెయ్యరు. తొందర రోజూ ‘పది, పది, పది’ అని రాసుకుంటూ పోతుంటే నాకు చూడబుద్ధి కాలేదు. అలా రాస్తే గుడ్డివాడు కూడా పట్టేస్తాడు. టర్ము టర్ముకీ పిల్లల పురోగతి పుస్తకాలు రాసిన చెయ్యి నాది. మొదటి వారం నాలుగు, ఐదు, ఐదు రాయించాను. రెండోవారం ఒకరోజు ‘మోకాలు నొప్పి, చెయ్యలేదు’ అని రాయించాను. మర్నాడు ఒకటి తగ్గించాను. ఆ తర్వాత నెమ్మదిగా పెంచుకుంటూ పోయాను. వానపడ్డ రోజు నడక తగ్గేది. ఆదివారం విశ్రాంతి తర్వాత సోమవారం కాస్త బిగుసుకున్నట్టు కనిపించేది. నాలుగో నెలకి పట్టికలో ఉన్న నేను చేతులు గుండెలమీద కట్టుకుని పదహారుసార్లు కుర్చీలోంచి లేస్తున్నాను, నడవాలో ఎనిమిది చుట్లు తిరుగుతున్నాను. అసలు నేను మాత్రం తొందర చంకల్లో చెయ్యేస్తే తప్ప మంచం దిగడంలేదు.

పదిసార్ల పిల్ల వచ్చిన రోజు ఇప్పుడే అన్నీ చేసి అలిసిపోయి కూర్చున్నానని చెప్పేదాన్ని. ఆమెకి ఆ రోజు ఇంకా తొమ్మిదిమంది ఉండేవారు. పట్టిక చూసి, ఇంత చక్కగా పెరుగుతున్న అంకెల్ని తను ఎక్కడా చూడలేదనేది. నిజమే, ఎందుకు చూస్తుంది?

కొంప ముంచింది మా చెల్లెలు, అదీ ప్రేమతో. పొద్దున అన్నీ చేసి అలిసిపోయానంటే నమ్మి, తనున్నప్పుడల్లా నన్ను తనే లేపి కూర్చోబెట్టేది. నిండిన పట్టికలన్నీ వంటగది బీరువా తలుపుకి అతికించింది. వచ్చినవాళ్ళకీ పోయినవాళ్ళకీ చూపించింది. ఒకరోజు ఇంటి సాయం ఆఫీసు వాళ్ళు వేరే ఏదో పనిమీద ఫోన్ చేస్తే, మా అక్క పదహారుసార్లు లేస్తోందండీ, మీరు పంపిన మనిషి చలవే అని పొంగిపోయి చెప్పింది. వాళ్ళు ఆ పట్టికలు తెప్పించుకుని చూసి తిప్పి పంపారు. వారం తిరక్కుండా ఉత్తరం వచ్చింది.

తొందరే చదివింది, నిలబడి. సొంతంగా లేచి తిరగగలిగినవాళ్ళకి మనిషిని పంపే పద్ధతి లేదట. పందొమ్మిది రోజుల తర్వాత అధికారి ఒకాయన వచ్చి పరీక్ష చేస్తాడట. చేతులు కట్టుకుని ఐదుసార్లు లేచి కూర్చోవాలి, కర్ర సాయంతో నడవా చివరిదాకా వెళ్ళి తిరిగి రావాలి. చేస్తే సాయం ఆ వారంతో ఆఖరు. పట్టికకీ మనిషికీ పొంతన కుదరకపోతే మాత్రం పట్టిక రాసినవాళ్ళు సంజాయిషీ ఇచ్చుకోవాలి.

నాకేం భయం వెయ్యలేదు, ఎందుకంటే నాకు అర్థమైంది సగమే. చెయ్యలేకపోతే సాయం కొనసాగుతుంది కదా, మహా అయితే నాకు నాలుగు చివాట్లు, అంతేగా అనుకున్నాను. రాయమన్నది నేనేనని ఒప్పుకుంటాననీ అన్నాను. తొందర కాగితం మడిచి బల్లమీద పెట్టింది. రెండేళ్ళ క్రితం ఇంకో ఇంట్లో ముసలాయన స్నానం వద్దని మొండికేస్తే, చేయించినట్టు టిక్కు పెట్టిందట. అది దొరికింది. అప్పుడే చెప్పారట, ఇంకోసారి దొంగ రాత దొరికితే పేరు కొట్టేస్తామని. ఈ ఊళ్ళో ఇంకే ఆఫీసూ తీసుకోదు. సంతకం నాది ఎంతుందో తనదీ అంతే ఉంది, పైగా నాదానికంటే ముందు ఉంది. ఇవన్నీ ఆమె మామూలుగానే చెప్పి, నాకు తల దువ్వింది. నాకు తలకాయ తీసేసినట్టయింది.

జ్వరమని చెప్పి వాయిదా వేయిద్దామా అని కాసేపు ఆలోచించాం. ఒక వాయిదా దొరుకుతుంది, ఆ తర్వాత? నిన్నటిదాకా పదహారు, ఇవాళ సున్నా ఎలా అయిందని మళ్ళీ తననే అడుగుతారు. ఏ దారిన పోయినా ఆమె మెడకే చుట్టుకుంటోంది. ఒక్క దారే మిగిలింది. పట్టికలో ఉన్న మనిషిని కుర్చీలోంచి నిజంగా లేపాలి. లేస్తే ఆమె ఉద్యోగం నిలుస్తుంది, నా ఇంటికి మాత్రం రాదు. అది మేమిద్దరం పైకి అనుకోలేదు.

మొదటి రోజు కుర్చీ చేతులు పట్టుకుని రెండుసార్లు లేచాను. మూడోసారికి తొడలు నావి కావన్నట్టు ఉలుకూ పలుకూ లేకుండా ఉండిపోయాయి. ఇలా కాదని తేలిపోయింది. బడిలో ఎత్తు దూకే పిల్లలకి అడ్డకర్రని వేలెడంత వేలెడంత పైకి జరిపేదాన్ని. ఇప్పుడు కుర్చీని అలాగే కిందికి దించాలనుకున్నాను. చెల్లెలి బీరువాలో గ్రంథాలయం వాళ్ళు పారేస్తుంటే తెచ్చుకున్న లావుపాటి నిఘంటువులు నాలుగున్నాయి. అవి కుర్చీలో ఒకదానిమీద ఒకటి పేర్పించి, మీద దుప్పటి మడిచి వేయించి, ఆ ఎత్తు మీంచి లేవడం మొదలుపెట్టాను. అంత ఎత్తునుంచి లేవడం పసిపిల్లల పని. మొదటి పూటే చేతులు కట్టుకుని నాలుగుసార్లు లేచాను. మూడు రోజులకోసారి ఒక పుస్తకం తీసేస్తానని చెప్పాను.

చంకలో చెయ్యి వెయ్యొద్దని తొందరకి గట్టిగా చెప్పాను. ఆమెకది చచ్చేంత కష్టమైంది. నేను ముందుకి వంగితే చాలు, ఆమె చెయ్యి దానంతటదే వచ్చేసేది. చివరికి రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడమన్నాను. తప్పు చేసిన పిల్లలా అలా నిలబడి నా ఎదుట పెదవులు కదుపుతూ లెక్కపెట్టేది. పదకొండు నిమిషాల కూర్చోవడం పోయింది. కాఫీ నిలబడే తాగేది. నాకది చూస్తే ఒళ్ళు మండేది, ఎవరి మీదో తెలిసేది కాదు.

ఆమె వెళ్ళిపోయాక కూడా మానలేదు. వంటగది గట్టు పట్టుకుని మడమలెత్తాను. కాళ్ళు మార్చి మార్చి ఎత్తాను. నన్ను నేను నా క్లాసులో అందరికంటే చెడ్డ పిల్లగా పెట్టుకున్నాను. ఆ పిల్లకి ఎన్ని సాకులు తెలుసో నాకన్నీ తెలుసు. ఏడో రోజు వాకర్ పక్కన పెట్టి, కర్ర పట్టుకుని ఒక్కదాన్నే స్నానాలగది దాకా పోయి వచ్చాను. నాలుగు నెలల తర్వాత మొదటిసారి ఆ తలుపు లోపలినించి గడియపెట్టుకున్నాను. అంత చిన్న విషయానికి కళ్ళనీళ్ళొచ్చాయి, వస్తే ఏం, చూసేవాళ్ళెవరూ లేరు.

తొమ్మిదో రోజు గ్రంథాలయంలో నీళ్ళ గొట్టం పగిలిందని చెల్లెలు పదకొండింటికే వచ్చేసింది. నేను రెండు నిఘంటువుల మీద కూర్చుని, మూడోసారి లేవలేక, చెమటలు కక్కుతున్నాను. బీరువాలో ఖాళీ చూసింది. నన్ను చూసింది. వంటగదిలోకి వెళ్ళి పట్టిక చూసి వచ్చింది.

“పదహారూ ఏవక్కా?” అంది.

చెప్పేశాను. మొత్తం. తొందర ఉద్యోగం సంగతితో సహా. చెల్లెలు ముక్కున వేలేసుకుని నిలబడింది. నాలుగు నెలలు ఊరందరికీ చెప్పుకుంది కదా, ఆ మంట నెత్తికెక్కింది. డ్రిల్లు టీచరువై ఉండి అన్న ఒక్క ముక్క అంది, అదీ సగంలో ఆపేసింది. ఆ తర్వాత రెండు రోజులు నాతో మాటల్లేవు. కంచం మాత్రం కాస్త చప్పుడుగా పెట్టేది. మూడోరోజు మధ్యాహ్నం నడవాలో చెప్పుల అల్మారా జరుపుతున్న మోత వినిపించింది. నడవా ఖాళీ చేసి, నా ఎదురుగా పీట వేసుకుని కూర్చుని, కానీ అంది. ఆవిడ లెక్క నా లెక్కకంటే అన్యాయం. మోచెయ్యి కుర్చీకి కాస్త తగిలినా అది లెక్కలోకి రాదనేది. సగం లేచింది లేవడం కాదనేది. ముప్పై మూడేళ్ళు నా చేతికింద పిల్లలు ఏం పడ్డారో ఆ వారం రోజుల్లో తెలిసింది.

పద్నాలుగో రోజు పొద్దున ఒక్క పుస్తకం మీంచి లేస్తుంటే కాలు మెలికపడింది. పక్కకి ఒరిగిపోయాను. తొందర వెనక కట్టుకున్న చేతులు విప్పి ఒడిసి పట్టుకోకపోతే రెండో తుంటి కూడా పోయేది. నన్ను కూర్చోబెట్టి తను నేలమీద కూలబడింది. ఉద్యోగం పోతే పోనివ్వండి, ఏదో చేసుకు బతుకుతాను, మీరు పడిపోతే నేనేమైపోవాలి అని ఏడ్చింది. లేచి మొహం కడుక్కోమనీ, ఆ ఆఖరి పుస్తకం తీసెయ్యమనీ అన్నాను. తియ్యలేదు. నేనే కూర్చున్నచోటినించి కాస్త లేచి కిందినించి లాగాను. మర్నాటికి మూడు, ఆ మర్నాటికి నాలుగు. పద్దెనిమిదో రోజు, పుస్తకాల్లేని కుర్చీలోంచి, మా చెల్లెలి కళ్ళెదుట, ఐదు.

పందొమ్మిదో రోజు పదింటికి అధికారి వచ్చాడు. నెమ్మదైన మనిషి. మెడలో గడియారం ఒకటి వేలాడేసుకున్నాడు. చంకలో ఒక మడతకుర్చీ ఉంది. అందరికీ ఒకే కొలత ఉండాలని ఆఫీసు కుర్చీ మోసుకు తిరుగుతారట. చేతుల్లేని కుర్చీ. విప్పి నిలబెట్టగానే నాకు తెలిసిపోయింది, మాదానికంటే రెండు వేళ్ళు పొట్టి. వంటగది గుమ్మంలో ఆ పూటకి సెలవు పెట్టిన చెల్లెలు, గది గుమ్మంలో తొందర. ఆమెని దగ్గరికి రావద్దని ఆయన మర్యాదగానే చెప్పాడు. ఆ రోజు ఇక్కడి పరీక్ష కోసం ఆమె వెళ్ళాల్సిన రెండిళ్ళు వెనక్కి జరిపారట.

ముందు నడక పెట్టాడు. కర్రతో నడవా చివరిదాకా పోయి వచ్చాను. ఆ తర్వాత ఆ కుర్చీలో కూర్చుని చేతులు కట్టుకున్నాను. ఒకటి లేచాను. రెండు లేచాను. మూడోదానికి తొడలు వణకడం మొదలైంది. నాలుగోది ఎలా లేచానో నాకు తెలీదు. ఐదోదానికి ముందుకి వంగాను, పిరుదులు బెత్తెడు లేచాయి, మళ్ళీ కూలబడ్డాను.

అధికారి గడియారం ఆపేశాడు. నా వయసుకి నాలుగంటే తక్కువేం కాదన్నాడు. ఆయాసపడుతున్నాను కాబట్టి ఇక్కడితో చాలిద్దామన్నాడు. “నాలుగని రాస్తానండీ. మీకు సాయం ఇంకో ఆర్నెల్లు ఉంటుంది, మీరేం కంగారుపడకండి.”

ఆర్నెల్లు. పొద్దున ఎనిమిదికి ఆ అడుగుల చప్పుడు ఇంకో ఆర్నెల్లు. నేను కాదంటానా?

“మరి పట్టికో?” అన్నాను.

“అది మీకు సంబంధించింది కాదులెండి. అందులో పదహారున్నాయి కదా. ఆ విషయం ఆ అమ్మాయిని ఆఫీసుకి పిలిచి మాట్లాడతాం.”

గుమ్మంలో తొందర తల దించుకుంది. నేను ఆయన్ని ఇంకోసారి గడియారం నొక్కమన్నాను. మొదటినించి ఐదూ చేస్తానన్నాను. అవసరం లేదన్నాడు. నేను ఆఫీసు పద్ధతి అడిగాను, రెండో అవకాశం ఇవ్వకూడదని రూలుందా అని. లేదట. ఒక్క గ్లాసు మంచినీళ్ళు తాగాను. పాదాలు కాస్త వెనక్కి లాక్కున్నాను. ముక్కు మోకాళ్ళు దాటేదాకా వంగితే బరువు దానంతటదే ముందుకొస్తుందని వేలమంది పిల్లలకి చెప్పాను, ఇందాక కంగారులో మర్చిపోయాను. ఒకటి. రెండు. మూడు. మా చెల్లెలు లోపల్లోపల లెక్కపెడుతోంది, పెదవులు కదులుతున్నాయి. నాలుగు. తొందర చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నిలబడి ఉంది. ఎవరూ కట్టుకోమనలేదు. ఐదోసారి లేచి, కూర్చోకుండా, అలాగే నిలబడ్డాను. ఇక చాలు కూర్చోండమ్మా అని ఆయన అనేదాకా నిలబడే ఉన్నాను.

అధికారి చాలా సంతోషించాడు. ఇంత మొండి మనిషిని తను చూళ్ళేదన్నాడు. అలిసిపోయిన రోజునే ఇలా ఉంటే పదహారెందుకు చెయ్యరని తనే అనేసుకున్నాడు. తొందరని పిలిచి మెచ్చుకున్నాడు. కదలడానికి ఒప్పుకోని ముసలివాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారనీ, సోమవారంనించి ఈ వీధిలోనే ఒక ఇంటికి పంపిస్తాననీ చెప్పాడు. కాగితం మీద నా సంతకం తీసుకున్నాడు. సాయం శనివారంతో ఆఖరు. కుర్చీ మడిచి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. చెల్లెలు నిఘంటువులు తీసుకెళ్ళి బీరువాలో సర్దుకుంది.

శనివారం తొందర వచ్చేసరికి నేను స్నానం చేసి, బట్టలు వేసుకుని, పక్క కూడా సర్దేసి ఉన్నాను. చెయ్యడానికి ఆమెకేం మిగల్లేదు. ముప్పావుగంటా ఉంది. కూర్చోమంటే కూర్చోలేదు. కిటికీ రెక్కలు తుడిచింది, తుడిచినవే మళ్ళీ తుడిచింది. వెళ్ళబోతూ సంచి భుజానికి వేసుకుని తలుపు దగ్గర ఆగింది.

“మీరు లేస్తే నేనింక రానని మీకు తెలుసు కదా టీచరమ్మా?”

“తెలుసు.”

“ఆయన వద్దన్నాక కూడా, తెలిసే లేచారా?”

“తెలిసే లేచాను. టైమయింది, వెళ్ళు.”

ఆమె నా చెయ్యి పట్టుకుని నొసటికి ఆనించుకుంది. మెట్లు ఒక్కొక్కటిగా దిగింది, ఎప్పట్లా రెండేసి కాదు. నేను తలుపేసుకుని, నడవాలో గోడకి ఆనుకుని ఏడ్చాను. బడిలో ఒక పిల్ల ముందు కూడా ఏడవనిదాన్ని. చెల్లెలు ఇంట్లో లేదు కాబట్టి మొహం కడుక్కుంటే సరిపోయింది.

సోమవారం ఏడూ ముప్పావుకే వెళ్ళి కిటికీ దగ్గర నిలబడ్డాను. కర్ర కూడా తీసుకెళ్ళలేదు. ఎనిమిదికి ఐదు నిమిషాలుండగా ఆమె వీధి మలుపు తిరిగి వచ్చింది, అదే నడక, పరుగుకి కాస్త తక్కువ. మా మెట్లు దాటి, రెండిళ్ళ అవతల ఆకుపచ్చ తలుపు దగ్గర గంట నొక్కి, లోపలికి వెళ్ళిపోయింది. తల ఎత్తి చూడలేదు. అక్కడా ముప్పావుగంటే ఇచ్చి ఉంటారు. మళ్ళీ బయటికొచ్చేదాకా చూద్దామని అక్కడే ఉన్నాను. ముప్పావుగంటా నిలబడ్డాను. కాళ్ళు ఒక్కసారి కూడా నొప్పెట్టలేదు. నొప్పెడితే బాగుండునని మొదటిసారి అనిపించింది.